పడవ చెక్క బెంచీ

మా ఆఫీసులో అద్దాలు బిగిస్తున్నారు. సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డులో, బట్టల షాపు పై అంతస్తులో ఉంది మా ఆరోగ్య బీమా బ్రాంచి. ఇన్నేళ్ళుగా ఇక్కడ అద్దాల అవసరం రాలేదు. ఆ పక్క వచ్చినవాళ్ళు, ఈ పక్క మేము, మధ్యలో ఒక బల్ల, అంతే. ఇప్పుడు బల్ల మీద నుంచి పైకప్పు దాకా మందపాటి అద్దం, మాట వినపడడానికి చిన్న మైకు. డ్రిల్లు పెట్టుకోవడానికి చోటు చాలక పనివాళ్ళు గోడవారగా ఉన్న పాత బెంచీని జరిపారు. చాలా కాలంగా కదలని బెంచీ అది. కదలగానే దాని అడుగు నుంచి చేపనూనె, తారు కలిసిన వాసన గుప్పుమంది. పనివాళ్ళు ముక్కు చిట్లించారు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడి గుండెల నిండా పీల్చుకున్నాను. దయామణిగారు గుర్తొచ్చారు.

అద్దాలు ఎందుకంటే, ఈమధ్య ఎక్కడో దూరాన ఒక బీమా కంపెనీ పెద్ద ఆఫీసరును ఎవరో పొడిచారు. క్లెయిము ఇవ్వలేదన్న కోపమట. ఆ వార్త నా ఫోనులోకీ వచ్చింది. వార్త కంటే దాని కింద జనం రాసిన మాటలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. 'బాగా అయింది', 'ఇంకో నలుగురికి ఇట్లాగే జరగాలి' అని రాసినవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళూ ఉన్నారు. దొరవారిసత్రంలో మా నాన్న పొలం పక్క పొలం ఆయన దండం బొమ్మ పెట్టాడు. కోడిని కోసేటప్పుడు పక్కకు తిరిగి నిలబడే మనిషి ఆయన. మా హెడ్డాఫీసు వాళ్ళు వెంటనే అద్దాలు పంపించారు. 'ఆ బెంచీ కూడా తీసేయండి, జనం గంటలకొద్దీ కూర్చోకుండా ఉంటారు' అని ఒక మాట కూడా పంపించారు. ఇప్పుడు ఈ బ్రాంచికి మేనేజరును నేను. బెంచీ తీయించాల్సింది నేనే.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ కుర్చీలో దయామణిగారు ఉండేవారు. పొట్టిగా, బొద్దుగా, ఇస్త్రీ నలగని నూలు చీరలో ఉండేవారు. గొంతు మాత్రం మనిషికి మించినది. ఆదివారాలు ఆ గొంతుతో చర్చిలో పాటలు పాడేవారు, మిగిలిన రోజుల్లో అదే గొంతుతో ఫోనులో హెడ్డాఫీసు వాళ్ళను దులిపేసేవారు. నేను చేరిన కొత్తలో ఒకరోజు కంప్యూటర్లో ఏదో నొక్కబోతుంటే నా వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"ఏం చేస్తుండావు పాపా?"

"క్లెయిము తిరస్కరించినట్టు మెసేజి పంపుతున్నాను మేడమ్."

"చదువు."

"'తమరి దరఖాస్తు తిరస్కరించడమైనది.'"

"మీ ఇంట్లో ఎవరన్నా అట్ట మాట్లాడతారా? అన్నానికి రమ్మంటే మీ నాయన 'తిరస్కరించడమైనది' అంటాడా?"

నాకు నవ్వాగలేదు. ఆమె నవ్వలేదు. "లేదు అని చెప్పాల్సొస్తే మనిషి ముందర కూర్చోని చెప్పాల. ఫోన్లో చెప్తే వాళ్ళు ఎవుర్ని తిట్టాల, ఫోన్నా?" అన్నారు. ఎదురుగా వెళితే మనల్ని తిడతారు కదా అన్నాను. "తిట్టనీ. జీతం దేనికనుకున్నావు?" అని బ్యాగు భుజాన వేసుకుని, "రా, పోదాం" అన్నారు.

ఆ పోవడం ఆమె ఉన్నన్నాళ్ళూ ఆగలేదు. క్లెయిము రాదని చెప్పాల్సి వచ్చిన ప్రతి ఇంటికీ ఆమె స్వయంగా వెళ్ళేవారు, నన్ను వెంట తీసుకెళ్ళేవారు. ఒకసారి మా ఊరి దగ్గరే ఒక రైతుకు నిజంగానే ఇచ్చే దారి లేకపోయింది. ఎన్ని విధాల చూసినా లేదు. ఆయన అరుగు మీద నిలబడి మా తాతల్ని కూడా కలిపి తిట్టాడు. దయామణిగారు తలవంచుకోలేదు, అలాగని ఎదురు మాట్లాడలేదు. ఆయన అలిసిపోయి కూర్చునేదాకా కూర్చుని, ఆయన భార్య ఇచ్చిన మజ్జిగ తాగి, ప్రభుత్వాసుపత్రిలో తనకు తెలిసిన డాక్టరు పేరు చెప్పి లేచారు. బస్సులో నేను ఆమెను ఓదార్చబోయాను. "ఆయన కోపం మీ మీద కాదులే మేడమ్" అన్నాను.

"అట్ట సర్దుకోబాక పాపా. మన మీదే. బోర్డు మనది, ప్రీమియం కట్టించుకునింది మనం. ఆ కోపం మనం వినకపోతే ఇంకెవరు వింటారు?"

ఆమె నాకు నేర్పిన ఇంకో సంగతి, రోగం ఎప్పుడు మొదలైందని తేదీ అడగకూడదని. "తేదీ అడిగితే నోటికొచ్చింది చెప్తారు. మొదలైన రోజు ఇంట్లో ఏం జరుగుతా ఉన్నిందో అడుగు. నిజం దానంతటదే వస్తాది" అనేవారు. అప్పట్లో అది ఆమె చాదస్తం అనుకునేదాన్ని. పోలయ్య వచ్చేదాకా.

పోలయ్యది వాకాడు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాళెం. మా వైపు చేపలు పట్టేవాళ్ళ ఊరిని పాళెం అంటారు. అతని భార్య రమణమ్మ నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉంది. గుండెకు ఆపరేషను చేయాలి, మా కంపెనీ సరేనంటేనే చేస్తామన్నారు. మా కంపెనీ కాదంది. ఆ జబ్బు పాలసీ తీసుకోక ముందు నుంచీ ఉందట. ఆ సంగతి దయామణిగారి చేతికి రాకముందే ఆసుపత్రివాళ్ళు పోలయ్యకు చెప్పేశారు. అతను నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆడమనిషి చచ్చిపోతే మీకు సంతోషమా?" అని అరిచాడు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వేసిన చెక్క బెంచీని రెండు చేతులతో ఎత్తి నేలకు కొట్టాడు. అది రెండు ముక్కలైంది. "మిమ్మల్ని గూడా ఇట్నే చేస్తా. ఆమె పోయిందంటే, మీలో ఒకరు పోయినట్టే" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆఫీసులో అందరూ పోలీసులకు చెప్పాలన్నారు. నేనూ అదే అన్నాను. దయామణిగారు విరిగిన చెక్కల్ని పక్కకు లాగుతూ, "పోలీసులెందుకు? విరిగింది బెంచీ, నా నడుము గాదు" అన్నారు. నా వైపు తిరిగి, "ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఆమె పక్కన ఎవరున్నారో కనుక్కో" అన్నారు. పోలయ్య అత్త ఉందని తెలిసింది. ఆ ముసలామె ఇప్పుడు పాళెంలో ఉందని, పోలయ్య కూడా పడవ ఇంజను అమ్మడానికి అక్కడికే వెళ్ళాడని తెలిసింది. మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడారు. వద్దని నేను బతిమాలాను. "నువ్వు రాకపోయినా ఏమనుకోను" అన్నారు. అలా అంటే వెళ్ళకుండా ఎవరుంటారు?

రోడ్డు అయిపోయిన చోట ఆటో దిగి ఇసకలో నడిచాం. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. "వచ్చినారమ్మా, పీనుగను చూసి పొయ్యేదానికి!" అని ఒక ఆడమనిషి అరిచింది. పడవల వెనక నుంచి పోలయ్య వచ్చాడు. భుజం మీద తెడ్డు ఉంది. నిద్ర లేని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దయామణిగారు అతని వైపు చూడకుండా, పందిరి కింద కూర్చున్న పెద్దకాపు దగ్గరకు నడిచారు. ఆ పాళెంలో మాట చెల్లే పెద్దమనిషి ఆయన. ఆ ఊళ్ళలో ఒక కట్టు ఉంది. పెద్దకాపు 'దురాయి' అన్నాడంటే దాన్ని ఎవరూ దాటరు. వేట వద్దని దురాయి వేస్తే ఒక్క పడవ నీళ్ళలోకి దిగదు.

"పెద్దాయనా, మీరు నన్ను కొట్టాలంటే తర్వాత కొడుదురు. నేనొక మాట చెప్పాల, ఒక మాట అడగాల. అదయ్యేదాకా దురాయి వెయ్యండి" అన్నారు దయామణిగారు.

"దురాయి సంగతి నీకెట్ట తెలుసమ్మా?"

"మా నాయన పక్క పాళెంలో బడిపంతులు. నేను ఈ ఇసకలోనే ఆడుకున్నా."

పెద్దకాపు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, "ఆయమ్మ మాట అయ్యేదాకా దురాయి. చెయ్యెత్తినోడు నా మాట దాటినట్టే" అన్నాడు. పోలయ్య పళ్ళు బిగించి కూలబడ్డాడు. తెడ్డు మాత్రం వదల్లేదు, ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. దయామణిగారు అతనికి ఎదురుగా ఇసకలోనే కూర్చున్నారు, తెడ్డుకు అందేంత దగ్గరగా.

"పోలయ్యా, క్లెయిము ఇచ్చేది లేదన్నారు. పైవాళ్ళు అన్నారని నేను తప్పించుకోను, నా ఆఫీసే అనింది. 'చానా ఏండ్లుగా గుండెనొప్పి' అని ఆసుపత్రిలో రాసుండారు. అందుకనే లేదన్నారు. ఆ మాట ఎవరు చెప్పినారు?"

ఆడవాళ్ళ వెనక నుంచి ముసలామె, పోలయ్య అత్త, ముందుకు వచ్చింది. "నేనే చెప్పినాను."

"అన్ని ఏండ్లుగా ఉందా నొప్పి?"

"అన్ని ఏండ్లు యాడుంది? కొత్త నొప్పంటే ఒక మాత్రిచ్చి పంపిస్తారు గదమ్మా. చానా ఏండ్లదంటేనే మంచమిస్తారు. మేమందరం అట్నే చెప్తాం."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. అది వాళ్ళకు తెలివైన పని. పడక దొరకాలంటే రోగాన్ని ముదరబెట్టి చెప్పాలి. దయామణిగారు నుదురు కొట్టుకున్నారు. "నీ తెలివి సల్లగుండ! సరే, నిజంగా నొప్పి మొదలైన రోజు ఇంట్లో ఏం జరుగుతా ఉన్నింది?"

ముసలామె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కొత్త పడవను నీళ్ళలోకి దించతా ఉన్నాం. పసుపునీళ్ళ బిందె ఎత్తబొయ్యి, 'అమ్మా, రొమ్ము పట్టేసింది' అని ఇసకలో కూలబడింది. అంతకు ముందు దానికేం రోగం? గంగమ్మ జాతరకు పొంగలి కుండ నెత్తిన పెట్టుకోని ఊరంతా తిరిగింది. మిషనాసుపత్రోళ్ళు క్యాంపు పెట్టి అందరికీ రొమ్ముకు వైర్లు పెట్టి చూసినారు గూడా. దానికేం లేదన్నారు."

"పడవ దించింది మొన్న వేట నిషేధం అయిపోయి వేట తెరిచినప్పుడు" అన్నాడు పోలయ్య, మొదటిసారి మామూలు గొంతుతో. "పాలసీ అంతకు చానా ముందరే కట్టినా."

దయామణిగారు లేచి చీరకంటిన ఇసక దులుపుకున్నారు. "నా మాట అయిపోయింది పెద్దాయనా. ఇంక దురాయి ఎత్తేయండి" అన్నారు. పెద్దకాపు మీసం కింద నవ్వుకుంటూ, "ఎత్తేసినా. కొట్టేవోళ్ళు ఎవరన్నా ఉండారా?" అని అడిగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పోలయ్య లేచి తెడ్డును పడవకు ఆనించి వచ్చాడు. "అక్కా, నేను గూడా వస్తా. ఆసుపత్రికి పోదాం" అన్నాడు. ఆటోలో కూర్చున్నాక దయామణిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "నాకు భయం లేదనుకున్నావా? కూర్చున్నంతసేపూ లోపల ప్రార్థన చేస్తానే ఉన్నా" అన్నారు.

నేరుగా నెల్లూరు వెళ్ళాం. క్యాంపు నాటి పరీక్ష కాగితం మిషనరీ ఆసుపత్రిలో దొరికింది, అందులో గుండె బాగానే ఉంది. రమణమ్మను డాక్టరు మళ్ళీ అడిగి, రాసింది సరిచేశాడు. అయినా హెడ్డాఫీసు వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఆసుపత్రి వరండాలో నిలబడి దయామణిగారు ఫోనులో అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది. "అయితే మీరొచ్చి ఆ ఇసకలో కూర్చోని ఆ మొగుడి మొహం చూసి 'లేదు' అని చెప్పండి. చెప్పగలిగితే నేను ఒప్పుకుంటా!" సాయంత్రానికి సరేనన్నారు. ఆపరేషను బాగా జరిగింది. రమణమ్మ కళ్ళు తెరిచిందని నర్సు వచ్చి చెప్పగానే పోలయ్య గోడకు ఆనుకుని కిందికి జారి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అంత తేలికైపోయింది మనసు. దయామణిగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఏడుపు తర్వాత. ముందు నా బెంచీ సంగతి చెప్పు" అన్నారు.

అలా వచ్చింది ఈ బెంచీ. పోలయ్య పక్కన పడేసిన తన పాత పడవ చెక్కలతో చేయించి, మెట్ల మీదుగా తానే మోసుకొచ్చాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ చేపనూనె వాసన పోలేదు. ఆ రోజు ఆ తెడ్డు లేచి ఉంటే ఏమయ్యేదని ఈ వారమంతా ఆలోచించాను. 'బాగా అయింది' అని జనం ఆమె గురించి కూడా రాసేవాళ్ళు. పోలయ్య జైల్లో ఉండేవాడు. రమణమ్మ ఆపరేషను మాత్రం జరిగేది కాదు. అవేవీ కాలేదు. దయామణిగారు రిటైరై, చాలా కాలం హాయిగా బతికి, తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలో పోయారు. సమాధుల తోటకు ఆమె పెట్టె మోసినవాళ్ళలో పోలయ్య ఉన్నాడు. రమణమ్మ వెనకాలే నడిచింది. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ఊరటే ఎక్కువ కలుగుతుంది.

ఇదంతా గుర్తు చేసుకుంటూ ఉండగానే బల్ల దగ్గర ఎవరో గొంతు పెంచారు. నడివయసు మనిషి, చేతిలో ఫోను. అతని భార్య గుండెనొప్పికి క్లెయిము రాదని మేము పంపిన మెసేజి అందులో ఉంది. హెడ్డాఫీసు కంప్యూటరే నేరుగా పంపేస్తుంది ఇప్పుడు, నా చేతికి రాకుండానే. "మనుషులేనా మీరు?" అంటున్నాడు. కొత్తగా వచ్చిన సెక్యూరిటీ గార్డు లాఠీ పట్టుకుని లేచాడు. అద్దం బిగించే పనివాడు డ్రిల్లు ఆపి నా వైపు చూశాడు. ఇంకొక్క పలక మిగిలింది, అది పెట్టేస్తే మూసుకుపోతుంది. గార్డును కూర్చోమన్నాను. బెంచీని తీసేయవద్దని పనివాళ్ళకు చెప్పాను. హెడ్డాఫీసుకు ఏం చెప్పాలో తర్వాత చూసుకుంటాను. బల్ల చుట్టూ తిరిగి బయటికి వచ్చాను. బెంచీ మీద ఒక పక్కకు కూర్చుని, రెండో పక్క చేత్తో తట్టాను. ఆ మనిషి వచ్చి కూర్చున్నాడు.

"నన్ను తిట్టన్నా, వింటా" అన్నాను. "అయినాక చెప్పు. వదినకు నొప్పి మొదలైన రోజు ఇంట్లో ఏం జరుగుతా ఉన్నింది?"