కారు ఆగుతుందా అని చూసిన సత్తిబాబు

నిన్న ఉదయం అయిదున్నరకు కారులో కూర్చుని ఇంజను ఆన్ చేశాను. వెనుక సీట్లో నా భార్య సుభద్ర దిండు సర్దుకుంటోంది.

ముందు సీటు సత్తిబాబుది. అతడు ఇంకా రాలేదు.

ఫోను చేశాను. అతని భార్య ఎత్తింది.

“మాస్టారూ, మనిషి లేవట్లేదండి” అంది.

మా రెండిళ్ల మధ్యలో అయిదు ఇళ్లు మాత్రమే. ఇంజను ఆపి అటు పరుగెత్తాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. సాయంత్రానికి దహనం కూడా అయిపోయింది.

నిన్నటి నుంచి మన ఊరి వాట్సాప్ గ్రూపులో చాలామంది మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టి ఊరుకున్నారు. నేను తప్పుపట్టడం లేదు. కానీ ముప్ఫై ఏళ్లు ఉప్పలగుప్తం మనుషులను బస్సులో భద్రంగా తిప్పిన డ్రైవరుకు ఒక పూర్తి తెలుగు వాక్యమైనా దక్కాలి.

సత్తిబాబూ నేనూ ఒకే బల్ల మీద చదువుకున్నాం. అతడు ఏడో తరగతితో మానేశాడు. నేను ఉపాధ్యాయుణ్ణి అయ్యాను. అప్పటి నుంచి నన్ను ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

“మా అమ్మాయికి అక్షరాలు దిద్దించినోరు. నోరెలా వస్తాదండి?” అనేవాడు.

సుభద్రకు డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు అమలాపురం వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు బీపీ పడిపోతుంది. ఒకసారి ఆటోలో, స్పీడ్ బ్రేకరు దగ్గర, నా చేతుల్లోంచి జారి కింద పడింది.

ఆ రోజే కారు కొనాలనుకున్నాను. వైద్యానికి పోగా నా పెన్షనులో మిగిలే దానికి పాత చిన్న కారే గతి.

రాజోలు దగ్గర ఒకటి ఉందంటే ఇద్దరం వెళ్లాం. పన్నెండేళ్ల బండి. తెల్లగా, శుభ్రంగా ఉంది. అమ్మే ఆయన కూడా మర్యాదస్థుడే.

“మా బండి ఎక్కడా ఆగదండి, ఆయ్. పిల్లల్ని వేసుకుని తిరుపతి కూడా తీసుకెళ్లేను” అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. తీసుకుందాం అన్నాను.

సత్తిబాబు తాళాలు అందుకున్నాడు. నేను ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీరు టీ తాగుతూ ఉండండి మాస్టారూ. ముందు నేనొక్కణ్ణీ చూసొస్తాను.”

అక్కడ రోడ్డు పక్కనే కాలువ. పిట్టగోడ లేదు.

కారు వంతెన వైపు వెళ్లడం చూస్తూ నిలబడ్డాను. వెనుక ఎర్రలైటు వెలిగింది. కారు ఆగలేదు. మళ్లీ వెలిగింది. అప్పుడూ ఆగలేదు.

వంతెన ఎక్కే ఎత్తు తగిలాక గాని ఆగలేదు.

ఆ వెనుక సీట్లో సుభద్ర పడుకుని ఉన్నట్టే నాకు కనిపించింది.

బండి తిప్పుకుని ఫస్టు గేరులో మెల్లగా తిరిగి తెచ్చాడు. చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది.

“ఆయన అబద్ధం ఆడలేదండి. ఇది నిజంగానే ఆగదు.”

“కాస్త తొక్కి తొక్కి పట్టాలండి” అని అమ్మే ఆయన నసిగాడు.

“కాలవలోకెళ్లేక కూడా తొక్కుతానే ఉండాలాండి?” అన్నాడు సత్తిబాబు.

ఒకే క్రియ సందర్భాన్ని బట్టి రెండర్థాలు ఇస్తుందని జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పాను. ‘ఆగదు’ అన్న మాటలో నాకు కావలసిన అర్థం ఒక్కటే విన్నాను.

“అందరూ బండి కదులుతాదా అని చూస్తారండి. ఆగుతాదా అని ఎవరూ చూడరు. ఇంజను మాత్రం బాగుంది. బ్రేకులు మొత్తం మార్పించి ఇస్తే తీసుకుందాం” అన్నాడు.

అమ్మే ఆయన అలాగే మార్పించాడు. ఆ తరువాత కూడా వారం రోజులు సత్తిబాబు తానొక్కడే నడిపి చూశాకే సుభద్రను ఎక్కనిచ్చాడు.

నాకు డ్రైవింగు నేర్పింది కూడా అతడే. ‘స్టీరింగు కట్ చెయ్యండి’ అని అతడంటే, కత్తిరించడం కాదు, తిప్పడం అనాలి అని నేను దిద్దబోయేవాణ్ణి.

“సంధులు తర్వాత విడదీద్దురు గాని, ముందు క్లచ్చి వదలండి మాస్టారూ.”

లైసెన్సు వచ్చింది. భయం మాత్రం పోలేదు. అమలాపురం వెళ్లే గట్టు రోడ్డు మీద రొయ్యల లారీ ఎదురైతే ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. నీకు ఎప్పుడైనా భయం వేసిందా అని ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను.

“రోజూనండి. యాభైమంది ఎక్కేవోరు కదండి. భయం లేని డ్రైవరు బస్సు నేనైతే ఎక్కను.”

నాకు చెయ్యి అలవాటు కావాలని నాచేతే నడిపిస్తూ, నాలుగు నెలలు, ప్రతి ప్రయాణంలోనూ నా పక్కన కూర్చున్నాడు. “ఎడం పక్కకి”, “ఆయ్, చాలు”. అంతకు మించి మాట్లాడేవాడు కాదు. ఆ రెండు మాటల ధైర్యంతోనే నేను కారు నడిపాను.

నిన్నటి డయాలసిస్ తప్పిపోయింది. రేపు ఉదయానికి మార్చారు. రేపటిని మాత్రం దాటనివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. సుభద్ర కాళ్లు ఇప్పటికే వాచాయి. మా తోడల్లుడు డ్రైవరు కోసం చాలాచోట్ల అడిగాడు. రేపటికి ఎవరూ కుదరలేదు.

నాకు భయంగా ఉంది.

ఈ వాక్యంలో దిద్దడానికి ఏమీ లేదు.

ఇందాక సుభద్ర నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

“వెళ్లేటప్పుడు ముందు సీట్లో నేను కూర్చుంటానండి. అన్నయ్యగారిలా నాకు రోడ్డు తెలీదు. లారీ వస్తే మాత్రం చెబుతాను” అంది.

మిత్రులకు ఒక మనవి. రేపు ఉదయం గట్టు రోడ్డు మీద తెల్లని పాత కారు ఒకటి మరీ నెమ్మదిగా వస్తూ కనిపిస్తే, దయచేసి హారన్ కొట్టకండి. కొంచెం దారి ఇవ్వండి. నడిపేది నేను. పక్కన సత్తిబాబు లేడు.

సత్తిబాబూ, సెలవు. ఇక నువ్వు ఎవరినీ భద్రంగా దించవలసిన పని లేదు. నిశ్చింతగా నిద్రపో.