చెట్టుకి రెండో వైపు

మా నేషనల్ పార్కులో టెంట్లు వేసుకునే మైదానం నుంచి జలపాతం దాకా నడకదారి ఒకటి ఉంది. జనం దారి తప్పకుండా చెట్లకి పసుపు గీతలు వేస్తాం. ఇరవై రెండేళ్ళు ఆ పని ఒక్కాయనే చూశాడు. అందరం రంగు మామ అనేవాళ్ళం. ఆయన గోళ్ళ సందుల్లో పసుపు ఎన్నడూ పోలేదు. “చెట్లకి వేశారా, మీకు వేసుకున్నారా?” అని వాళ్ళావిడ దెప్పేది. ఆవిడ మా అందరికీ అత్త.

మామ పనితీరు వేరు. ఒక గీత వేసి పది అడుగులు ముందుకెళ్ళి వెనక్కి తిరిగి, కాళ్ళీడుస్తూ వచ్చేవాడు. తిరిగొచ్చేవాడికి చెట్టు ఎలా కనిపిస్తుందో చూసుకుని, ఆ రెండో వైపు కూడా గీత వేసేవాడు.

“వెళ్ళేటప్పుడు అందరూ హుషారేరా అల్లుడూ. సెలవు పెట్టి మరీ రాళ్ళమీద పడుకోడానికి వచ్చినోళ్ళు కదా! వచ్చేటప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు” అనేవాడు.

ఆ ఏడు వానలయ్యాక మామా, ఆయనకి సాయంగా నేనూ గీతలన్నీ మళ్ళీ వేస్తున్నాం. మామకి మోకాలు వాచింది. వాగు దాటాక ఉన్న దారి ముక్క నన్ను వేసి రమ్మన్నాడు. అక్కడ చెట్లకి రెండో వైపంతా ముళ్ళ తుప్పలు. పాత గీతల మీద నాచు పట్టేసింది. తుప్పలు కొట్టాలి, నాచు గీకాలి, అప్పుడు రంగు వెయ్యాలి. నాకు నడుము లాగేస్తోంది. వెళ్ళే వైపు మాత్రం వేసి డబ్బా మూత పెట్టేశాను.

“రెండు వైపులా వేశావా?” అన్నాడు మామ.

“వేశాను మామా.”

మూడోనాడు టెంట్లలోంచి ఒక తల్లీ కూతురూ జలపాతానికి వెళ్ళారు. సాయంత్రమైనా తిరిగి రాలేదు. కేకలేస్తూ వెతికాం. మామ కుంటుకుంటూ మా ముందే నడిచాడు. చీకటి పడబోతుండగా వాగు అవతల ఒక బండమీద దొరికారు. పిల్ల కాలు బెణికింది. తల్లి చేతులనిండా ముళ్ళ గీరలు.

“వెళ్ళేటప్పుడు ప్రతి చెట్టుకీ పసుపుందండీ. తిరిగి చూస్తే ఒక్కటీ లేదు. వేరే అడవిలోకి వచ్చామేమో అనుకున్నాం” అంది ఆవిడ ఏడుస్తూ.

మామ నా వైపు చూశాడు. నేను పిల్లని వీపుమీదికి ఎక్కించుకున్నాను. ఆ పని ఉంది కాబట్టి తల దించుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసరు పిలిచాడు. “అక్కడ గీతలు వేసిందెవరు?”

“నేనేనండీ. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు” అన్నాడు మామ.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. మామని గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో వేశారు. దారి పని నాకిచ్చారు.

“నీకు పెద్ద పనిచ్చారటగా!” అని మా ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. ఆమెకీ నిజం చెప్పలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం మామ ఇంటికి వెళ్ళాను. అత్త మంచినీళ్ళిచ్చి పక్కనే కూర్చుంది.

“నువ్వయినా చెప్పరా. కళ్ళ డాక్టరు దగ్గరికి రెండుసార్లు లాక్కెళ్ళాను. కళ్ళు లక్షణంగా ఉన్నాయంటాడు. ఆ డాక్టరుకేం తెలుసు? అద్దాలు పెట్టించుకోండంటే ఈయన వినడు.”

నేను గ్లాసు కింద పెట్టాను. “అత్తా, అవి నేను వేసిన గీతలు. మామ కాదు.”

అత్త మామ వైపు తిరిగింది.

“నాకయినా చెప్పచ్చుగా?”

“చెబితే వీణ్ణి మళ్ళీ గడప తొక్కనిచ్చేదానివా?” అన్నాడు మామ గోళ్ళు చూసుకుంటూ.

మర్నాడు ఆఫీసరుకీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. “ఎప్పటి సంగతి అది! ఆయనకి గేటు దగ్గరే నయం, మోకాలు కూడా బాలేదుగా. నువ్వెళ్ళి పని చూసుకో” అని ఫోనెత్తాడు.

ఆదివారాలు ఇంకా వెళ్తున్నాను. మామ రమ్మంటాడు, కబుర్లు చెబుతాడు. అత్త తలుపు తీసి లోపలికి వెళ్ళిపోతుంది.