గౌరక్క పిట్టలు, నాలుగు రోజుల చలి

ఈ చలికాలం వికారాబాద్‌లో పొద్దున్నే నా పిట్టల పంజరం మీది దుప్పటి తీసి, కొర్రల గిన్నె ముఖం దగ్గరికి తెచ్చుకుని ఊదుతాను. పొట్టు లేచి కనురెప్పల మీద పడుతుంది. ఆ దురదతోనే నాకు తాండూరు గౌరక్క గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, గరుకు మాట. నాపరాయి వ్యాపారం చేసిన భర్త పోయాక ఆ పెద్ద ఇంట్లో నాలుగు లవ్ బర్డ్స్‌తో ఒక్కతే ఉండేది. వాటిని పిట్టలనే పిలిచేది. నేను ఆ ఇంట్లో వంటపనికి కుదిరేనాటికి నాకు నలభై దాటాయి.

చలి మొదలైందంటే ఆ ఇంటి బండల మీద కాలు పెట్టలేకపోయేవాళ్లం. గౌరక్క పంజరాన్ని ఎప్పుడూ కింద పెట్టనిచ్చేది కాదు. స్టూలు, దాని మీద గోనెసంచి, ఆ పైన పంజరం. పొద్దు గూకే ముందు మూడు వైపులా దుప్పటి కప్పి, గాలి ఆడటానికి ఒక వైపు వదిలేది. పొద్దున గోరువెచ్చని నీళ్లు. మా ఇంట్లో మనుషులకే ఇంత సేవ లేదని ఒకరోజు ఆమె ముందే అనేశాను. మనుషులకు నోరుంది, అడుక్కుంటారు అని నా వైపు చూడకుండానే జవాబిచ్చింది.

నేను చేరిన నెలకే ఆమె సేడంలో ఉన్న చెల్లెలిని చూడటానికి నాలుగు రోజులు వెళ్లింది. వెళ్తూ నా చేతిలో ఒక చీటీ పెట్టి, పిట్టల సంగతంతా అందులో రాశానంది. నేను దాని మీద కళ్లు అటూ ఇటూ తిప్పి సరేనన్నాను. చదువు రాదన్న సంగతి దాచడంలో నాకు అంత అనుభవం ఉండేది.

రెండు రోజులు పిట్టలు బాగానే ఉన్నాయి. గిన్నె నిండుగా కనిపించింది, నేను ముట్టలేదు. మూడో రోజు ఈకలు ఉబ్బించుకుని బంతుల్లా కూర్చున్నాయి. చలేనని ఇంకో దుప్పటి కప్పి, పక్కన బల్బు వెలిగించాను. నాలుగో రోజు పొద్దున పసుపు పిట్ట అడుగున చచ్చి పడి ఉంది. పచ్చది నిలబడలేకపోతోంది.

మధ్యాహ్నం గౌరక్క వచ్చింది. చెప్పులు విడవకుండానే గిన్నె తీసి ఊదింది. ఒక్క గింజ లేదు. అంతా పొట్టే. పిట్ట గింజను ఒలుచుకు తిని పొట్టును గిన్నెలోనే వదులుతుంది. పుట్టినప్పటి నుంచి చేట పట్టినదాన్ని, నాకు అది కనపడలేదు.

"కాయిదం సదువలేదా అంజమ్మా?"

"సదివిన."

ఆమె చీటీ తెప్పించుకుని పైకి చదివింది. పొద్దున లేవగానే పొట్టు ఊది, కొత్త గింజలు పోయాలని మొదటి మాటే ఉంది. అప్పుడిక దాచలేకపోయాను.

"నాకు సదువు రాదక్కా."

ఆమె తిట్టలేదు. పచ్చపిట్టను కొంగులో చుట్టుకుని బండ మీదే కూర్చుంది. నన్ను కొర్రలు నానబెట్టి తెమ్మని, గింజ గింజ దాని ముక్కుకు అందించింది. అది నాలుగు గింజలు మింగాక అంది:

"నువ్వు గూడ గీ గిన్నె లెక్కనే ఉన్నవు. లోపల ఏం లేకున్నా నిండుగ కనవడ్తవు. తప్పు నీదొక్కదానిదే కాదు. నేను గూడ అడగకుంట చేతిల పెట్టిన."

సాయంత్రానికి పచ్చపిట్ట తానే గిన్నె మీదికి ఎక్కింది. పసుపు పిట్టను పెరట్లో నేనే పూడ్చాను. మర్నాడు పని అయ్యాక గౌరక్క సుద్దముక్క తెచ్చి వంటింటి బండ మీద రాయించడం మొదలుపెట్టింది. నేను ముందు నేర్చింది నా పేరు కాదు, పొట్టు. ఆ ఒత్తు తిరగడానికి వారం పట్టింది, దానికి మాత్రం బాగా తిట్టింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఊరెళ్లాల్సి వస్తే పిట్టలను పక్కింటివాళ్లకు అప్పగించి, చీటీ రాసిస్తాను. ఎవరినీ చదువొచ్చా అని అడగను. నా రాత బాగుండదు, ఒకసారి వినండి అని మొత్తం పైకి చదివి, తర్వాతే చేతిలో పెడతాను. నిజానికి నా రాత బాగానే ఉంటుంది.