బావ కారుకు ఎడ్ల బండి కనబడలేదు

ఈ సాయంత్రం మా బావ కారులో కరీంనగర్ నుంచి జగిత్యాలకు తిరిగి వచ్చాం. బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టు చేసే బావ పోయిన వారమే హైదరాబాదులో ఒక పాత అమెరికా కారు కొన్నాడు. ఎదురుగా వెలుతురు కనిపిస్తే చాలు, అందులోని ఒక అద్దపు కన్ను పెద్ద లైట్లను తనంతట తానే తగ్గిస్తుంది. మసక చీకటి పడ్డాక ఒక లారీ ఎదురొస్తే అలాగే తగ్గించింది. బావ మా అక్క వైపు గర్వంగా చూశాడు.

ఆ తర్వాత ఒక పత్తి బండి ఎదురైంది. దాని మీద దీపం వెలగడం లేదు కనుక మా కారు దాన్ని లెక్క చేయలేదు. వెలుగంతా కళ్లలో పడి ఎడ్లు బెదిరాయి. బండి వెనక్కి, పక్కనున్న గుంత వైపు జరగసాగింది. బావ గబుక్కున కారు ఆపాడు.

“జర లైట్లు తగ్గియ్యి పటేలా, ఎడ్లకు కండ్లు కానస్తలేవు,” అన్నాడు బండి తోలే ముసలాయన.

“నేను తగ్గించేది కాదు తాతా, ఎదురుగ దీపం కనిపిస్తే అదే తగ్గిస్తది.”

“అయితే దానికే చెప్పు.”

చేత్తో తగ్గించే మీట ఎక్కడుందో బావ ఇంకా నేర్చుకోలేదు. ఆయన వెతుకుతుండగానే ముసలాయన భార్య బండి దిగి, లాంతరు వెలిగించి, కారు ముందరి అద్దం ఎదుట ఎత్తి పట్టుకుంది. లైట్లు టక్కున తగ్గాయి. ఎడ్లు కుదుటపడ్డాయి, బండి మమ్మల్ని దాటింది.

“దీనికి దీపం సూపెడితెగని మనుషులు కానరారు,” అని నవ్వుకుంటూ ఆమె బండెక్కింది.

కారులో మనం కూడా ఒక లాంతరు పెట్టుకుందామని నేనన్నాను. అప్పటి నుంచి బావ నాతో మాట్లాడడం లేదు. నేనన్నదాంట్లో తప్పేముందో మీరే చెప్పండి.