వీధి గుమ్మం లేని ఇళ్లు

రిచ్‌మండ్ హిల్‌లో మా పక్కింటి రష్యన్ ఆవిడ వేరా గారు నిన్న తను పుట్టిన పల్లె ఫొటో చూపించారు. ఒకటే వీధి, వెనక నది, ఆవల అడవి. అక్కడి చర్చిని ఒకప్పుడు ధాన్యం గోదాము చేశారట, ఇప్పుడు మళ్లీ చర్చి అయిందట. నా కళ్లు మాత్రం ఇళ్ల మీదే ఆగాయి. వీధివైపు కిటికీలే తప్ప ఒక్క గుమ్మమూ లేదు.

సోవియట్ పత్రికల నున్నటి కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం, గుర్తుందా? నా సోషల్ పుస్తకం అట్ట మీద ఇలాంటి పల్లే ఉండేది. అది సినిమా సెట్టింగని నా అనుమానం. రష్యా చూసొచ్చానని చెప్పే మా బాబాయిని నిలదీశాను.

"మరి మనుషులు కిటికీలోంచి దూకుతారా?"

"గుమ్మం పెరటివైపు ఉంటుందిరా!"

ఆ రోజు నుంచి పిల్లలమంతా ఆయన్ని కోతల బాబాయి అన్నాం. ఆయన రష్యా కబుర్లు మానేశాడు.

నిన్న వేరా గారు కూడా గుమ్మాలు పెరటివైపే అన్నారు. క్షమాపణ చెబుదామని వెంటనే బాబాయికి ఫోన్ చేశాను.

"నిజంగా పెరటివైపే ఉన్నాయా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు. "నేను రష్యా ఎప్పుడెళ్లానురా? నీ నోరు మూయించడానికి అలా అన్నా!"

మీ ఇళ్లలోనూ రష్యా చూసొచ్చినవాళ్లుంటే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.