ఇకామా ఫోటోకు కోటు

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కూతురి పిల్లల్ని చూసుకోవడానికి కడప నుంచి రియాద్ వచ్చి మలాజ్‌లో ఉన్నాను. ఇక్కడి సర్కారు బయటినుంచి వచ్చిన కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను వేసినప్పుడు నా తలకూ పడింది. దానికి సరిపడా పని చేయకపోతే నాకు తిన్నది అరగదు. పనిమనిషిని మాన్పించేశాను.

మా బిల్డింగుకు ఏసీలు బాగుచేయడానికి జగిత్యాల వైపు మనిషి ఒకాయన వచ్చేవాడు. "అవ్వా, జర మజ్జిగ పొయ్యి" అని అడిగి తాగేవాడు. ఊడదీసిన వైరు ముక్క కూడా పారేయడు, చుట్టి సంచిలో వేసుకుంటాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

నితాకత్ అనే రూలు కింద, సౌదీ వాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని ఆయన కంపెనీని ఎర్ర రంగులో వేశారు. ఎర్ర రంగు కంపెనీ వాళ్లకు ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, మళ్లీ చేయరు. ఆ కార్డు లేకుండా రోడ్డు మీద దొరికితే పట్టుకుపోతారు. ఛాతీ నొప్పి వచ్చినా ఆస్పత్రికి పోవడానికి భయపడి గదిలోనే పడుకున్నాడు. పడుకున్నవాడు లేవలేదు.

గదిలోని స్నేహితులు ఆయన పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టారు. వాళ్ల జిల్లాలో సర్కారు పాలిటెక్నిక్ చదివే గల్ఫ్ కార్మికుల పిల్లలకు. ఆయన అక్కడే చేరి, సగంలో మానేసి విమానం ఎక్కాడంట. మొదటి సాయం ఎవరికో కూడా అనుకున్నారు. అదే గదిలో ఉండే తాపీమేస్త్రి కూతురికి. మేస్త్రిదీ ఎర్ర రంగు కంపెనీయే, జీతం ఆగిపోయింది. ఆ వారం ఫీజు కట్టకపోతే పిల్లను పరీక్షకు కూర్చోనివ్వరు.

దాన్ని పద్ధతిగా ఇంగ్లీషులో రాయించుకుందామని ఒక శుక్రవారం ముగ్గురు మా అల్లుడి దగ్గరికి వచ్చారు. అల్లుడు నా తమ్ముడి కొడుకే, ఆఫీసు ఉద్యోగం. వాళ్లు తమ బట్టల దుమ్ము అంటుతుందేమోనని సోఫా అంచున కూర్చున్నారు. అల్లుడు ముందే ఫ్లెక్సీ చేయించి పెట్టాడు. అందులో పోయినాయన బొమ్మకు కోటు, టై అతికించారు. పక్కనే మా అల్లుడి బొమ్మ, అంతే సైజు.

"రూల్స్ ఉండాలి బ్రదర్, లేకపోతే క్రెడిబిలిటీ ఉండదు" అన్నాడు అల్లుడు. "ఫాదర్‌కి వ్యాలిడ్ ఇకామా ఉండాలి. ఇల్లీగల్ వాళ్లకిస్తే రేపు మన పేర్లు బయటికొస్తాయి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన మెల్లగా అన్నాడు, "గట్లయితే మేస్త్రి బిడ్డకు రాదు గద సారూ."

"ఎమోషన్స్ వద్దు. నెక్స్ట్ ఇయర్ చూద్దాం."

"పరీక్ష ఈ వారమే సారూ."

"మన చేతుల్లో లేదు కదా" అని బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు.

నేను గ్లాసులు తీస్తూ అడిగాను, "పోయినాయన బొమ్మ యాడిది నాయనా?"

"వేరే ఫోటో లేకుండె అవ్వా" అన్నాడు పెద్దాయన. "ఇకామా మీదిదే సారుకు పంపినం, పెద్దగ చేసిండ్రు."

"ఆ ఇకామా చెల్లుతాదా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అల్లుడి వైపు తిరిగాను.

"చెల్లని ఇకామా బొమ్మకు కోటు తొడిగి గోడకు తగిలిస్తావు. అట్లాంటి ఇకామా ఉండే తండ్రి బిడ్డ మాత్రం నీకు పనికిరాదా? ఈ మనిషి బతికుంటే ఆయన బిడ్డకే ఇయ్యవు గదా నువ్వు, ఆయన పేరుతో పెట్టిందాన్ని."

"అత్తా, ఇవన్నీ నీకు అర్థం కావు."

"కోటు అర్థమయిందిలే."

ముగ్గురిలో ఒకడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన లేచాడు. "ఇంగ్లిష్ల వద్దు తియ్యిన్రి సారూ. మేం తెలుగులనే ఇస్తం."

పొద్దుగూకకముందే ఫీజు పంపించారు. పిల్ల పరీక్ష రాసింది.

మా అల్లుడు ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లతో "మేం ఒక మెమోరియల్ స్కాలర్‌షిప్ స్టార్ట్ చేశాం" అంటాడు. ఆ మాట ఎత్తగానే నేను వంటింట్లోకి పోతాను. ఫ్లెక్సీని పారేయలేదు, గట్టి సరుకు. పోయినాయన సగం కత్తిరించి స్నేహితులకిచ్చాను. కోటు కనబడకుండా దాని మీద తెల్ల కాగితం అంటించుకున్నారంట. రెండో సగం వాషింగ్ మెషీను కింద, నీళ్లు కారేచోట పరిచాను.