డాసన్‌విల్ దగ్గర ఎకరం నేల, ఈశాన్య మూల

మా అమ్మాయి సుధ, అల్లుడు రవి అమెరికాలో, జార్జియా రాష్ట్రపు కమ్మింగ్‌లో ఆరేళ్ళు అద్దెకున్నాక, 2011 మార్చిలో డాసన్‌విల్ దగ్గర ఎకరం స్థలం చూసుకున్నారు. అక్కడ ఊరి మురుగు పైపు లేదు. ఇంటి మురుగు సెప్టిక్ ట్యాంకులో పడి, ఆ నీళ్ళు భూమిలో పూడ్చిన గొట్టాల గుండా మన నేలలోనే ఇంకిపోవాలి. నీళ్ళు ఇంకిపోయే నేల లేకపోతే కౌంటీవాళ్ళు ఇల్లు కట్టనివ్వరు. కొంటారో మానుకుంటారో ఒక శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా అమ్మేవాళ్ళకి చెప్పాలి. ఆ ఉదయమే మట్టి పరీక్ష. ఇంట్లో కూర్చుంటే నాకు దడ ఎక్కువవుతుంది, అందుకని నేనూ బయల్దేరాను. అలాంటి స్థలం కోసం తిరిగేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు దిగులంతా నావల్లే. సెప్టిక్ వాయవ్యంలోనే ఉండాలని నేను పట్టుబడితే, అల్లుడు ఇంటి ప్లాను అలాగే గీయించి, ఆ మూల గుర్తుగా చిన్న జెండాలు కూడా పాతి వచ్చాడు.

ఎనిమిదిన్నరకి కారెక్కాం. 400 రోడ్డు మీద ఉత్తరంగా పోయి, 53వ నంబరు రోడ్డు మీద ఎడమకి తిరగాలి. నలభై నిమిషాల దారి. రాత్రి వాన పడి రోడ్డు పక్క ఎర్రమట్టి గట్లన్నీ పచ్చి ఇటుకల్లా నానివున్నాయి. "నెమ్మది బాబూ, జారుతుంది" అని నాలుగుసార్లు అన్నాను. "అత్తయ్యగారూ, ఇంకా స్లో చేస్తే పార్కింగే అండీ" అన్నాడు రవి.

దారిలో ఒక ముసలావిడ గుడారం కింద ఉడకేసిన వేరుశెనక్కాయలు అమ్ముతోంది. మూడు డాలర్లిచ్చి ఒక సంచీ కొన్నాం. ఇక్కడి చేలవేనా అని సుధ చేత అడిగించాను. ఆవిడ పకపకా నవ్వింది. "ఈ బంకమట్టి క్లేలో కాయ ఊడిరాదటమ్మా, తీగే తెగి చేతికొస్తుందట. ఇవి సౌత్ జార్జియా ఇసుక నేలలవట" అని సుధ చెప్పింది. కాయే ఊడిరాని నేలలో నీళ్ళేం ఇంకుతాయని నాకు కొత్త భయం పట్టుకుంది.

మట్టి పరీక్ష చేసే డేవ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. బూట్ల నిండా బురద, చేతిలో నేలలోకి తిప్పి మట్టి తీసే నిలువెత్తు బర్మా. జెండాల దగ్గర తిప్పడం మొదలుపెట్టాడు. మోకాలి లోతు దిగేసరికి ఎర్రమట్టి పోయి బూడిద రంగు మట్టి వచ్చింది. చూస్తుండగానే గుంటలో నీళ్ళూరాయి. ఇంకో రెండుచోట్ల తవ్వినా అంతే.

"బూడిద రంగంటే చలికాలమంతా నీళ్ళు నిలబడే చోటటమ్మా. ఇక్కడ అప్రూవ్ అవ్వదంటున్నాడు" అంది సుధ. "పోనీలే, ఇంకో లాట్ చూసుకుందాం. ఇంకో మూల సెప్టిక్ పెట్టి నీ మనసు కష్టపెట్టను" అంది. రవి ప్లాను కాగితం చుట్ట చుట్టాడు. సుధ మాట నాకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

అక్కడ నిలబడలేక నెమ్మదిగా ఈశాన్యం వైపు నడిచాను. గాలికి పడిపోయిన పైన్ చెట్టొకటి వేళ్ళతో సహా లేచి ఉంది. నేను చదివింది అయిదో తరగతే. కానీ తెనాలి పక్కన మా ఇటుక బట్టీలో ఇరవై ఏళ్ళు మట్టి ఎంచింది నేనే. ఆ వేళ్ళకంటిన మట్టి పిడికెడు తీసి, సీసా నీళ్ళతో తడిపి, అరచేతుల మధ్య తాడులా పేనాను. సాగితే ఇటుకకి మంచిది, నీళ్ళు దిగనివ్వదు. ఇది బెత్తెడైనా సాగకుండా ముక్కలైంది. బట్టీలో అయితే బండి వెనక్కి పంపేదాన్ని. వేళ్ళ అడుగుదాకా ఎరుపే, బూడిద చార లేదు.

"బాబూ, ఇక్కడ తవ్వమను!" అని కేకేశాను.

"ఈశాన్యం అండీ అత్తయ్యగారూ! ఈ మూల చీపురు పెడితేనే కేకలేస్తారు, ఇప్పుడు సెప్టిక్కా?"

"మురుగు ఇంట్లోకి ఎగదన్నితే ఏ దిక్కు కాపాడుతుంది? తవ్వించు."

డేవ్ మూడు గుంటలు తీశాడు. బర్మా పిడిదాకా దిగినా ఎర్రమట్టే, పొడిపొడిగా. ఒక ముద్ద తడిపి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా నొక్కి పట్టీలా సాగదీశాడు. అది పొట్టిగానే తెగిపోయింది. ఇక్కడ నీళ్ళు ఇంకుతాయి, అప్రూవ్ అవుతుందన్నాడట. అయ్యో, ఇది మన పనే కదా అనుకున్నాను. మట్టి చూడడం నేనెక్కడ నేర్చుకున్నానని అడిగాడట. సుధ తలెత్తి, "మా అమ్మ ఇటుకలు చేసింది" అని ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థమైన ఇంగ్లీషు అదొక్కటే. డేవ్ ఎర్రమట్టి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నాతో చెయ్యి కలిపాడు.

మూడింటికల్లా రవి ఫోన్ చేసి కొంటున్నామని చెప్పేశాడు.

గొట్టాలు పూడ్చిన చోట గడ్డి తప్ప చెట్లూ కూరగాయలూ వెయ్యకూడదట. ఎండ బాగా తగిలే ఆ మూలలో నేననుకున్న వంగ, బెండ మళ్ళు పోయాయి. నీళ్ళూరిన వాయవ్యంలో చేమదుంపలు పాతాను, ఆకు చేటంత వచ్చింది. మొదటి ఏడాది పెద్ద వాన పడ్డప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి ఈశాన్యం గడ్డి చూసేదాన్ని. ఒక్కరోజూ నీళ్ళు పైకి తేలలేదు. శాస్త్రం తప్పని నేననను, మిగతా ఇల్లంతా వాస్తుకే కట్టించాను. కానీ నా పట్టుదల కోసం ఇల్లే వదులుకోబోయిన బిడ్డకి, నా చేతికి తెలిసిన పనితో ఇల్లు నిలబెట్టాను. ఈ వయసులో నాకంతకన్నా గొప్ప ఏముంటుంది?

స్థలం కొనేవాళ్ళకి ఒకటే మాట: మట్టి పరీక్ష ముందు చేయించండి, ఇంటి ప్లాను తర్వాత గీయించండి. మేం రెండోసారి గీయించుకోవలసి వచ్చింది.